నవంబరులో వ్యాన్ వేసుకుని ఎబ్రో డెల్టా దాకా

ఆఫ్ సీజన్‌లో క్యాంపర్‌వ్యాన్ చాలా చవక అని విని మేమూ బయలుదేరాం. చవక నిజమే, కానీ అద్దె వరకే. మేముండేది స్టుట్‌గార్ట్‌లో. ఆగస్టులో రోజుకి 140 యూరోలు చెప్పిన వ్యాన్‌నే నవంబరులో 72కి ఇచ్చారు. ఆరు మీటర్ల ఫియట్ డుకాటో, వెనక అడ్డంగా మంచం, రెండు పొయ్యిలు, బుల్లి ఫ్రిజ్, కేసెట్ టాయిలెట్ (కింది తొట్టి బయటికి లాగి మనమే ఖాళీ చేసి కడగాలి). నేనూ మా ఆవిడా, పన్నెండు రోజులు, ఫ్రాన్స్ మీదుగా స్పెయిన్ తూర్పు తీరానికి, ఎబ్రో నది సముద్రంలో కలిసే డెల్టా దాకా.

ఫ్రాన్స్‌లో టోల్ దగ్గర ఎత్తు చూస్తారు. రెండు మీటర్లు దాటితే రెండో కేటగిరీ, కారు కంటే ఎక్కువ కట్టాలి. మూలాఁ వైపు వెళ్ళే ఏ79 హైవే మీద అసలు గేటే లేదు. కెమెరా నంబరు ప్లేటు ఫోటో తీసుకుంటుంది, 72 గంటల్లోగా మనమే ఆన్‌లైన్‌లో కట్టాలి. మర్చిపోతే జరిమానా. మేం రెండో రోజు రాత్రి పప్పు తింటూ గుర్తు తెచ్చుకుని కట్టాం. క్లెర్మాఁ-ఫెరాఁ దాటాక ఏ75 పట్టుకుంటే మాత్రం హాయి. బెజియే దాకా దాదాపు అంతా ఉచితం, మియో వంతెన ఒక్కటే టోల్. మేం ఆ టోల్ కూడా కట్టకుండా కింద ఊళ్ళోంచి వెళ్ళాం. 343 మీటర్ల ఎత్తున్న వంతెనని పైనుంచి దాటితే ఏం కనపడుతుంది, రోడ్డే కదా! కింద నది పక్కన ఆపి తలెత్తి చూస్తే అప్పుడు తెలిసింది ఎంత ఎత్తో. డీజిల్ ఎప్పుడూ సూపర్‌మార్కెట్ బంకుల్లోనే కొట్టించండి, హైవే బంకుకీ వాటికీ లీటరుకి తేడా బాగానే ఉంటుంది.

ఏ75 ఓబ్రాక్ పీఠభూమి మీద 1,100 మీటర్లు దాటుతుంది. నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా ఆ కొండ ప్రాంతాల్లో వింటర్ టైర్లో చెయిన్లో ఉండాలని రూల్. టైర్ల గురించి అడిగాను, ఇచ్చారు. నీళ్ళ గురించి అడగలేదు. మొదటి రాత్రి అక్కడే ఒక చిన్న ఊళ్ళో ఆగాం. వ్యాన్లు ఆపుకోవడానికి మునిసిపాలిటీ వాళ్ళు పెట్టే స్థలాన్ని అక్కడ 'ఎయిర్' అంటారు, చాలా ఊళ్ళలో ఉచితం. గ్యాస్ మిగుల్చుదామని పదకొండుకి హీటర్ కట్టేశాను. పొద్దున్నే బయట మైనస్ నాలుగు. వ్యాన్ కింద అద్దంలా ఐసు. ఏమిటా అని చూస్తే మా బాయిలర్ నీళ్ళు. చలి మూడు డిగ్రీలకి దిగితే బాయిలర్ పగలకుండా ఒక వాల్వు తనంతట తనే తెరుచుకుని పది లీటర్లూ కిందకి వదిలేస్తుందట. మళ్ళీ ఏడు డిగ్రీలు దాటేదాకా అది మూతపడదు. గంటసేపు హీటర్ వేసుకుని కూర్చున్నాం, రాత్రి మిగిల్చిన గ్యాస్ అంతా అందులోనే పోయింది. నీళ్ళు పట్టుకుందామంటే ఎయిర్‌లో కుళాయికి బోర్డు: చలికాలం కట్టేశాం, మార్చిలో తెరుస్తాం. మా ఆవిడ ఏమీ అనలేదు. అదే భయం వేసింది.

అందుకే చలికాలం వెళ్ళేవాళ్ళు సిలిండర్ ప్రొపేన్‌దేనా అని చూసుకోవాలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది. దేశం మారితే సిలిండర్ మూతి కూడా మారుతుంది, నిండు సిలిండర్‌తో బయలుదేరడమే మేలు.

ఫ్రాన్స్‌లో బాగా నచ్చింది పొలాల్లో బస. ఫ్రాన్స్ పాసియోఁ అని ఒక పథకం ఉంది. ఏడాది చందా కడితే ద్రాక్షతోటల వాళ్ళూ తేనె, చీజ్ చేసేవాళ్ళూ తమ స్థలంలో 24 గంటలు ఉచితంగా ఉండనిస్తారు. టాయిలెట్ మన వ్యాన్‌లోనే ఉండాలి, ఏదీ కొనాలని రూలు లేదు. ఆఫ్ సీజన్‌లో ముందు ఫోన్ చేయడం మంచిది. మేం బెజియే దగ్గర తేనెటీగలు పెంచే ఒక పెద్దాయన స్థలంలో ఆగాం. వచ్చీరాని ఫ్రెంచిలో నేనూ, రాని ఇంగ్లీషులో ఆయనా మాట్లాడుకున్నాం. ఒక సీసా కొన్నాం, రెండోది ఆయనే ఇచ్చాడు. మర్నాడు ల్యూకాత్ దగ్గర సముద్రం ఒడ్డున మాత్రం నిద్ర లేదు. అక్కడ త్రామోంతాన్ అనే ఈదురుగాలికి వ్యాన్ రాత్రంతా ఉయ్యాలలా ఊగింది. గాలి హెచ్చరిక ఉన్నరోజు అక్కడ ఆగకండి.

స్పెయిన్‌లో ఏపీ-7 మీద బార్సిలోనా వైపు 2021 నుంచి టోల్ ఎత్తేశారు, అదొక సంతోషం. కానీ బార్సిలోనా చుట్టుపక్కల హైవే రెస్ట్ ఏరియాల్లో రాత్రి పడుకోవద్దు, దొంగతనాలు ఎక్కువ. మేం ఆగకుండా ఎబ్రో డెల్టాకి వెళ్ళిపోయాం.

అసలు ఈ ట్రిప్పంతా ఆ రెండు రోజుల కోసమే అనిపించింది. మా ఆవిడది అమలాపురం పక్కన పల్లెటూరు. డెల్టెబ్రె దాటి కాలవగట్టు రోడ్డు ఎక్కగానే కిటికీ దించేసింది. రెండు వైపులా చదునుగా వరిచేలు, కోత అయిపోయి నీళ్ళు నిలబెట్టి ఉన్నాయి. ట్రాక్టరుకి ఇనప చక్రాలు కట్టి మోళ్ళు బురదలోకి తొక్కేస్తున్నారు. వెనకాలే వందల కొంగలు. "ఏవండీ, వీళ్ళు కోతలయ్యాక దమ్ము చేస్తున్నారేంటి?" అంది. మనం నాట్లకి ముందు చేస్తాం, వీళ్ళు కోతయ్యాక మోళ్ళు కుళ్ళడానికి చేస్తారు. శీతాకాలమంతా నీళ్ళు ఉంచేది పక్షుల కోసం కూడానట. తేడా అంతా కొబ్బరిచెట్లు లేకపోవడం, మడుగులో ఫ్లమింగోలు ఉండడం. డెల్టాలో చాలా భాగం నేచురల్ పార్క్, ఎక్కడ పడితే అక్కడ రాత్రి ఆపకూడదు. ఊరి దగ్గర వ్యాన్ల స్థలంలో రోజుకి 12 యూరోలు కట్టి ఉన్నాం. మా ఆవిడ బొంబా అనే అక్కడి రకం బియ్యం ఐదు కిలోలు కొంది.

తర్వాత పెన్యీస్కొలా. కోట బాగుంది, ఊరు సగం మూసి ఉంది. క్యాంపింగ్‌లో (వ్యాన్లకీ టెంట్లకీ డబ్బు కట్టి ఉండే స్థలం) అంతా జర్మన్, డచ్ రిటైరైనవాళ్ళే, మార్చి దాకా కదలరు. అక్కడ కరెంటు ఆరు ఆంపియర్లు. రైస్ కుక్కర్, హీటర్ ఒకేసారి పెట్టామో లేదో ఫట్. ఫ్యూజు బాక్సుకి తాళం, తాళం రిసెప్షన్‌లో, రిసెప్షన్ పొద్దున తొమ్మిదికి. అన్నం సగం ఉడికింది. తిరగమోత కూడా వ్యాన్ బయటే పెట్టుకోండి, మా దుప్పట్లు ఇప్పటికీ ఇంగువ వాసన. కానీ క్యాంపింగ్‌లో అయితేనే సుమా. మామూలు పార్కింగ్‌లో కుర్చీ బయటపెట్టినా స్పెయిన్‌లో అది క్యాంపింగ్ కిందకే వస్తుంది.

లెక్క: అద్దె 864, డీజిల్ 480, టోల్ 90, బసలు 96, సరుకులు 180. మొత్తం 1,710 యూరోలు. విమానంలో వెళ్ళి కారు, గది తీసుకుంటే ఇంతకంటే తక్కువే అయ్యేదేమో. పెద్ద సిటీలు చూడాలనుకుంటే వ్యాన్ వద్దే వద్దు. అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌లో పట్టదు, సాయంత్రం తొందరగా చీకటి పడిపోతుంది. పల్లెలు తిరిగేవాళ్ళకైతే నవంబరు బావుంటుంది.

వ్యాన్ తిరిగి ఇచ్చేటప్పుడు వెనక బంపర్ మీద గీత చూపించి డిపాజిట్‌లో 150 పట్టుకున్నారు. తీసుకున్న రోజు తీసిన వీడియోలో ఆ గీత ఉంది, మూడు మెయిళ్ళ తర్వాత తిరిగిచ్చారు. కేసెట్ సరిగ్గా కడగలేదని పట్టుకున్న 60 మాత్రం పోయింది. అది నా వంతు పని. బొంబా బియ్యంతో పులిహోర చేస్తే ముద్దయింది, దద్దోజనం మాత్రం అద్భుతం.