కనపడని ఇంకు పెన్ను: రెండేళ్లు వాడాక

మొదటి నెలలోనే ఈ పెన్నుకి ఐదు స్టార్లు ఇచ్చేసి, మా మోటారు షాపుల వాట్సాప్ గ్రూపులో అందరినీ కొనమని పోరుపెట్టింది నేనే. నా మాట విని కొన్నవాళ్లు కొందరున్నారు. వాళ్ల కోసమైనా ఇది రాయాలి, ఎందుకంటే అప్పుడు చెప్పిన దాంట్లో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా.

మాది సూర్యాపేట వైపు ఒక మండల కేంద్రంలో షాపు. కెపాసిటర్లు, బేరింగులు, స్టార్టర్లు, వైండింగ్ వైరు అమ్ముతాం. ఆరు నెలల గ్యారంటీ మీద మేమిచ్చిన కెపాసిటర్‌ను ఇంట్లో ఉంచుకుని, ఎక్కడో కొన్న డూప్లికేటు తెచ్చి "మీ దగ్గర కొన్నదే" అని కౌంటర్ మీద పెట్టేవాళ్లతో రోజూ తలనొప్పే. బిల్లు అడిగితే పోయిందంటారు. నిజంగానే పోయుంటుంది కూడా, నూట ఎనభై రూపాయల బిల్లు ఎవరు దాస్తారు? కంపెనీ పేరు, స్టిక్కరు అన్నీ డూప్లికేటు వాడూ వేస్తాడు. అందుకే సరుకు దిగిన రోజే ప్రతి పీసు అడుగున ఈ పెన్నుతో నెల అంకె, డీలరుకి ఒక అక్షరం రాస్తున్నా. మామూలు వెలుతురులో ఏమీ కనపడదు, యూవీ (అతినీలలోహిత కిరణాల) టార్చి కొడితే నీలంగా వెలుగుతుంది.

నాకు బాగా నచ్చింది దొంగల్ని పట్టుకోవడం కాదు, ఆ డీలరు అక్షరం. కిందటేడాది వేసవిలో 36 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్) కెపాసిటర్లు వరసగా ఉబ్బి వాపసు వస్తుంటే, కరెంటు హెచ్చుతగ్గుల వల్లేనని నేనూ మెకానిక్కులూ లైన్‌మన్‌ను తిట్టుకుంటూ కూర్చున్నాం. ఒక రాత్రి షట్టరు దించి, వాపసు వచ్చిన ఏడింటినీ బల్ల మీద పెట్టి టార్చి వేశా. ఏడింటి మీదా 'బ' అనే ఉంది, నెల కూడా ఒకటే. రాతపుస్తకంలో వెతికితే వారం పట్టే పని, రెండు నిమిషాల్లో తేలింది. ఆ లాటులో మిగిలినవన్నీ డీలరుకి తిప్పి పంపించా. అతను గొణిగాడు గానీ తీసుకున్నాడు. ఆ ఒక్క రాత్రికే పెన్ను డబ్బులు వచ్చేశాయి.

టార్చి దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు. నేను మొదట కొన్నది 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం కిరణాలది, చవక. అది కొడితే వస్తువంతా ఊదారంగులో మునిగిపోయి, రాసింది వెతుక్కోవాలి. తర్వాత ముందు నల్ల అద్దం ఉన్న 365 తెచ్చుకుంటే అక్షరం ఒక్కటే లేచి కనపడింది. అయిదు వందల నోటు మీద నంబరు వెలగడం కూడా అప్పుడే సరిగ్గా చూశా. ఇంకో సంగతి, గోదాములో గోనెసంచులు జరుపుతూ అదే టార్చి వేస్తే మూలన ఆకుపచ్చగా ఏదో మెరిసింది, వంగి చూస్తే తేలు! తేళ్లు ఈ వెలుతురుకి మెరుస్తాయని నాకప్పటిదాకా తెలియదు. ఇప్పుడు రాత్రిపూట గోదాములోకి ఆ టార్చి లేకుండా అడుగుపెట్టను.

అట్టపెట్టెల మీద నీలం ఇంకు దండగ. తెల్ల అట్టకీ, తెల్ల కాగితానికీ తెల్లదనం కోసం కలిపే రసాయనం దానంతటదే నీలంగా వెలుగుతుంది, సబ్బుపొడితో ఉతికిన తెల్లచొక్కా మెరిసినట్టే. నీలంలో నీలం ఏం కనపడుతుంది? పెట్టెలకి ఎర్రగా వెలిగే ఇంకు తెచ్చా, కొంచెం మసకే గానీ కనపడుతుంది. బేరింగుల మీద రాయడం ఏకంగా మానేశా. మెకానిక్కు కిరోసిన్‌లో ఒకసారి ముంచితే అక్షరం గల్లంతు. పీకితే 'వాయిడ్' అని మచ్చ పడే స్టిక్కర్లు కూడా వాడిచూశా, హెయిర్ డ్రయ్యరు వేడికి మచ్చ పడకుండా ఊడొచ్చింది, మా అబ్బాయే చేసి చూపించాడు.

ఇక అసలు విషయం. పోయిన మే నెలలో ఒక పెద్దాయన ఇంటి బోరు కెపాసిటర్ తెచ్చాడు. అది పాడై నాలుగు రోజులుగా నీళ్లకి ఇబ్బందంట. టార్చి వేశా, అడుగున ఏమీ లేదు. ఇది మాది కాదు తాతా అన్నా. "నీ కొడుకే ఇచ్చిండు సేటూ, ఉగాదికి ముందట" అన్నాడు. నేను వినలేదు. కౌంటర్ దగ్గర ఇంకో నలుగురున్నారు, వాళ్ల ముందే టార్చి మళ్లీ మళ్లీ కొట్టి చూపించా, ఏదో కోర్టులో సాక్ష్యం పెట్టినట్టు. "నేను అబద్ధమాడేటోన్నా?" అని ఒక్క మాటన్నాడు. జేబులోంచి మడతలు పడ్డ నోట్లు తీసి లెక్కపెట్టి, కొత్తది కొనుక్కుని వెళ్లిపోయాడు. పాతది కౌంటర్ మీదే వదిలేశాడు.

జూన్‌లో సరుకు సర్దుతుంటే షోకేసు పై అరలో పద్నాలుగు కెపాసిటర్లు బయటపడ్డాయి. అడుగు భాగం అద్దం వైపు ఉండేలా పడుకోబెట్టి పేర్చినవి. మా షోకేసు పడమటి ముఖం, మధ్యాహ్నం మూడు దాటితే ఎండంతా దాని మీదే. ఊరికే టార్చి కొట్టా. అయిదు మసగ్గా వెలిగాయి, తొమ్మిది అసలు వెలగలేదు. నా చేత్తో నేను రాసినవే, నా పుస్తకంలో ఉన్నవే. ఈ ఇంకులో ఉండే రంగు ఎండకి విరిగిపోతుంది, ఏ కిరణాలకైతే వెలుగుతుందో అవే రోజూ తగులుతుంటే నెలల్లో చచ్చుబడిపోతుంది. అద్దం అడ్డం ఉందిగా అనుకున్నా, మామూలు అద్దం ఆ కిరణాల్ని చాలావరకు లోపలికి వదిలేస్తుంది. పెద్దాయన కెపాసిటర్ ఉగాదికి ముందు ఆ అరలోంచే వెళ్లింది.

డబ్బులు తీసుకుని వాళ్లింటికి వెళ్లా. తీసుకున్నాడు, చాయ్ కూడా పోయించాడు. కానీ ఇప్పుడు సామాను రోడ్డవతలి షాపులో కొంటున్నాడు, మా షాపు ముందు నుంచే వెళ్తూ.

అప్పటి నుంచి గుర్తు కనపడితే మాది అంటున్నా, కనపడకపోతే మాది కాదని అనడం లేదు. గుర్తు లేకుండా వచ్చినవాళ్లని పీసు ఎప్పుడు కొన్నారు, ఎవరిచ్చారు అని అడుగుతున్నా, సగం కేసుల్లో మార్చి ఇచ్చేస్తున్నా. ఆ రకంగా చూస్తే దొంగల్ని ఆపడానికి పెన్ను కొని, నా చేతులు నేనే కట్టేసుకున్నట్టయింది. బంగారు నగల మీద వేసే హాల్‌మార్క్ కోడు హెచ్‌యూఐడీ లాగా లేజర్‌తో చెక్కే వీలుంటే ఈ గొడవే ఉండదు. ఆరు అక్షరాలు, యాప్‌లో కొడితే వివరాలొస్తాయి, ఎండకి చావదు. కానీ నూట ఎనభై రూపాయల ప్లాస్టిక్ డబ్బా మీద లేజర్ ఎవరు కొడతారు?

కాబట్టి నా స్టార్లు మూడున్నర. మీది చీకటి గోదాము, సరుకు తొందరగా తిరిగే షాపు అయితే నాలుగు వేసుకోండి. మాలాంటి పడమటి షోకేసు అయితే ముందు ఒక పాత పీసు మీద రాసి రెండు మూడు నెలలు ఎండలో పెట్టి చూడండి. నేను మాత్రం ఇంకో డజను పెన్నులకి ఆర్డరిచ్చా, డీలరు అక్షరం కోసం. షోకేసుకి పరదా కుట్టించడానికి మా ఆవిడ ఒప్పుకోవాలి, పరదా రంగు దగ్గర ఇంకా తేలలేదు.