ముల్లు మాట నమ్మొచ్చా? పాత జీపులో ఎలక్ట్రిక్ ఆయిల్ గేజీతో ఏడేళ్లు

అల్లూరు దగ్గర మాకు మూడు రొయ్యల గుంటలున్నాయి. మేత బస్తాలు, డీజిల్ క్యాన్లు, కాలిపోయిన ఏరేటర్ మోటార్లు మోయడానికి 1994 మోడల్ ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ జీపు ఒకటి ఉంది. వాన పడితే ఆ నల్లరేగడి గట్ల మీదికి ఇంకే బండీ రాదు. కొన్నప్పుడు దాని డాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ గేజీ ఉన్నచోట ఉత్త బొక్క ఉంది. ఆయిల్‌కి మిగిలింది ఎర్ర లైటు ఒక్కటే. ఏడేళ్ల కింద నెల్లూరులో ఎలక్ట్రిక్ గేజీ, దాని సెండర్ (ఇంజన్‌కి బిగించే, ఆయిల్ ప్రెషర్‌ని పసిగట్టి వైరు గుండా గేజీకి చెప్పే ముక్క) రెండూ కొని బిగించాను. అప్పటి నుంచీ అదే వాడుతున్నాను.

పైపు గేజీ ఎందుకు వేయలేదని అడిగేవాళ్లున్నారు. పాత ట్రాక్టర్లలో ఉండే ఆ రకం గేజీలో సన్నటి గొట్టం గుండా కాగే ఆయిలే డాష్‌బోర్డు దాకా వస్తుంది. గొట్టం చిట్లితే మోకాళ్ల మీద పడుతుంది. అందుకే వైరు గేజీ ఎంచుకున్నాను. గేజీ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. నన్ను తిప్పలు పెట్టిందంతా దాని వెనకున్న వైరు, సెండర్, ఎర్త్.

ఈ గేజీ ఎట్లా పనిచేస్తుందో తెలియకుండా రెండేళ్లు వాడాను, అదే నా పొరపాటు. సెండర్ లోపల ఒక పల్చటి రేకు ఉంటుంది. ఆయిల్ దాన్ని నెట్టిన కొద్దీ ఒక తీగచుట్ట మీద చిన్న చేయి జరుగుతుంది, రెసిస్టెన్స్ మారుతుంది. నా రకంలో ప్రెషర్ లేనప్పుడు సుమారు 10 ఓమ్‌లు, 5 బార్ల దగ్గర 180 పైచిలుకు. అంటే ఒక బారుకి ఇంచుమించు 35 ఓమ్‌లు. బారన్నా మన కేజీ లెక్కన్నా (చదరపు సెంటీమీటరుకి ఇన్ని కేజీల ప్రెషర్ అని) దాదాపు ఒకటే. గేజీ నుంచి వచ్చే కరెంటు సెండర్ ఒంటి గుండా, దాని స్క్రూ మరల గుండా ఇంజన్‌లోకి దిగి ఎర్త్ అవుతుంది, అంటే బ్యాటరీ మైనస్‌కి చేరుతుంది. సెండర్‌కి రెండో వైరు ఉండదు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, నా కథంతా దాని మీదే నడిచింది.

మొదటిసారి కావలి నుంచి రాత్రిపూట హైవే మీద వస్తుంటే ముల్లు టక్కున కుడి చివరికి పోయి కూర్చుంది. ఇంజన్ ఆపినా దిగలేదు. పొద్దున్నే చూస్తే సెండర్ మీది థింబుల్ (వైరు కొసన బిగించే రేకు ముక్క) పచ్చగా చిలుము పట్టి, వైరు ఊడిపోయి ఉంది. వైరు తెగితే రెసిస్టెన్స్‌కి అంతే లేదు, కాబట్టి ముల్లు నిండుగా చూపిస్తుంది. ఉప్పుగాలిలో రాగి ఎంత తొందరగా చస్తుందో గుంటల మీద బతికేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కొత్త థింబుల్ వేసి, పైన కాస్త గ్రీజు రాశాను. పది నిమిషాల పని.

రెండోసారి మాత్రం నిద్ర పట్టలేదు. ఉదయగిరి వైపు పోతుంటే గతుకు వచ్చినప్పుడల్లా ముల్లు సున్నాకి పడి మళ్లీ లేస్తోంది. పోను పోను సున్నాలోనే ఉండిపోయింది. దారిలో ఒక షెడ్డులో చూపిస్తే మెకానిక్ బానెట్ కూడా సరిగ్గా ఎత్తకుండానే, "బేరింగులు పోయినాయన్నా, ఇంజన్ దించాల్సిందే" అన్నాడు. చెప్పిన మొత్తం వింటే ఆ పంట రొయ్యలన్నీ ఆ షెడ్డులోనే పోయాలి. టెన్షన్‌తో బండి అక్కడే పక్కకి ఆపి, మాకు తెలిసిన పాత మెకానిక్ భాయ్‌కి ఫోన్ చేశాను.

ఆయన అడిగింది ఒక్కటే. "ఎర్ర లైటు వెలిగిందా?"

"లేదు భాయ్."

"తాళం తిప్పినప్పుడు, స్టార్ట్ చేయకముందు వెలుగుతా ఉందా?"

"వెలుగుతోంది."

"మరి ఇంజన్‌కేమి? సెండర్ వైరు పీకి పక్కన పెట్టి ముల్లు చూడు."

లైటుకి వేరే స్విచ్ ఉంటుంది, వేరే వైరు ఉంటుంది. ప్రెషర్ అర కేజీ చుట్టుపక్కలకి పడితేగానీ అది వెలగదు. బల్బు బాగుండి కూడా వెలగలేదంటే లోపల ఆయిల్ తిరుగుతున్నట్టే. వైరు పీకితే ముల్లు నిండుగా లేవాలి. లేస్తే గేజీ, వైరు రెండూ మంచివి, తప్పు సెండర్‌దే. నాకు లేవలేదు, సున్నాలోనే ఉంది. గేజీకి కరెంటు అందకపోయినా అట్లాగే ఉంటుంది కాబట్టి పక్కన డీజిల్ ముల్లు చూశాను, అది మామూలుగానే ఉంది. గేజీ వెనక ఆ సెండర్ వైరు కూడా విప్పాను. ముల్లు నిండుగా లేచింది. ఇక మిగిలింది ఆ రెండు కొసల మధ్య వైరే. వెతికితే ఎగ్జాస్ట్ దగ్గర క్లిప్పు ఊడి, వైరు ఇనుముకి రాసుకుని తొడుగు అరిగి, రాగి బాడీకి తగులుతోంది. పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి, వేడికి దూరంగా కట్టాను. ఖర్చు సున్నా. ఆ షెడ్డు ముందు నుంచి పోయినప్పుడల్లా ఇప్పటికీ నవ్వొస్తుంది.

మూడోది నా చేతి తప్పు. అయిదో ఏట సెండర్ కారడం మొదలైంది. షాపుకి పోయి "జీపుకి ఆయిల్ యూనిట్ ఇవ్వన్నా" అంటే ఒకటి తీసి ఇచ్చాడు. బిగించి తాళం తిప్పితే, ఇంకా స్టార్ట్ చేయకముందే ముల్లు నిండుగా ఉంది. స్టార్ట్ చేసి రేజ్ ఇస్తే కిందికి దిగుతోంది! అది అమెరికా రకం. ప్రెషర్ లేనప్పుడు 240 ఓమ్‌లు, నిండుగా ఉంటే 33, అంటే నా గేజీకి పూర్తిగా తలకిందులు. మార్పించుకుని రెండోది తెస్తే అది 10 బార్లది, నా గేజీ 5 బార్లది. అది ఉన్న ప్రెషర్‌లో సగమే చూపిస్తోంది. మూడోసారి మల్టీమీటర్ జేబులో వేసుకుని పోయి, కౌంటర్ మీదే ఓమ్‌లు కొలిచి, ఒంటి మీద 5 బార్ అని అచ్చు ఉందో లేదో చూసి తెచ్చాను. సున్నా దగ్గర రెండూ 10 ఓమ్‌లే చూపిస్తాయి కాబట్టి ఆ అచ్చు చూడకపోతే మీటరు కూడా పట్టుకోలేదు. మరలూ సరిపోవాలి. సరిపోకపోతే బలవంతంగా తిప్పకండి, ఆ బొక్క పాడైతే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది.

సరిపోలేదనే నేను ఫిల్టర్ తల దగ్గర ఒక అడాప్టర్ పెట్టి, కారకుండా ఉండాలని రెండు జాయింట్లకీ టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టాను. చుక్క కారలేదు, తెగ సంబరపడ్డాను.

ఆ తర్వాత ఏడాదిన్నర దాకా ముల్లు చాలా బుద్ధిగా ఉంది. వేడెక్కాక స్లోలో (రేజ్ ఇవ్వకుండా ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడు) ఒకటిన్నర, రోడ్డు మీద మూడు. కిందటి ఏడు మే నెలలో, ఎండ మండిపోతున్నప్పుడు, గుంటల దగ్గర స్లోలో నిలబెడితే ఎర్ర లైటు మినుకుమినుకుమనడం మొదలైంది. ముల్లు చూస్తే అదే ఒకటిన్నర. నేను ముల్లునే నమ్మాను. లైటు స్విచ్ పాతది కదా, పోయి ఉంటుందిలే అనుకుని వారం రోజులు అట్లాగే తిప్పాను. పైగా డిప్‌స్టిక్ (ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) మీద ఆయిల్ తగ్గకపోగా కాస్త పెరిగింది కూడా. ఈ బండి ఆయిల్ తాగడం మానేసిందని ఇంట్లో గొప్పలు చెప్పాను.

భాయ్ డిప్‌స్టిక్ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని నావైపు చూసిన చూపు మర్చిపోలేను. డీజిల్ వాసన. ఇంజన్ పక్కనుండే ఏసీ పంపులో (చల్లగాలి ఏసీ కాదు, ట్యాంకు నుంచి డీజిల్ లాగే పంపుని మెకానిక్కులు అట్లా అంటారు) డయాఫ్రం (లోపలి పల్చటి పొర) చిరిగి డీజిల్ చాంబర్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి దిగుతోంది. ఆయిల్ నీళ్లలా పల్చనైపోయింది. పైపు గేజీ తెచ్చి పెడితే వేడి మీద స్లోలో అర కేజీ. నా ముల్లు అప్పుడు కూడా ఒకటిన్నరే చూపిస్తోంది.

ఆ ఒక కేజీ ఎక్కడిది? వైరు తీసి సెండర్ ఒంటికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య మీటర్ పెడితే ముప్పై ఓమ్‌లకు పైనే వచ్చింది. ఉండాల్సింది దాదాపు సున్నా. నేను ముచ్చటపడి చుట్టిన టేపు, ఆ పైన ఉప్పుగాలి తెచ్చిన తుప్పు కలిసి ఎర్త్‌కి అడ్డం పడ్డాయి. బారుకి 35 ఓమ్‌ల లెక్క వేసుకోండి, సరిగ్గా ఒక కేజీ ఎక్కువ. అసలు ప్రెషర్ మెల్లగా తగ్గుతుంటే తుప్పు మెల్లగా పెరుగుతూ ముల్లుని ఉన్నచోటే నిలబెట్టింది. ఈ రకం గేజీలో సెండర్ వైరు వదులైనా సెండర్ ఎర్త్ తుప్పు పట్టినా ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. నన్ను హడలగొట్టిన సున్నా ఉత్తదే, హాయిగా ఉంచిన ఒకటిన్నర మాత్రం ఇంజన్ మీదికి తెచ్చింది. ఎర్త్ బాగుండి ఉంటే ఆ వారం రోజులు బండి తిప్పేవాణ్ణే కాదు.

కొత్త డయాఫ్రం, కొత్త ఆయిల్, ఫిల్టర్ వేశాం. చాంబర్ దించి చూస్తే బేరింగులు అదృష్టం కొద్దీ బాగానే ఉన్నాయి. సెండర్ మరల మీది టేపు గోకేసి, ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్దాం. దాని ఒంటికి క్లిప్పుతో ఒక వైరు బిగించి నేరుగా బ్యాటరీ మైనస్‌కి లాగాను. ఏటా అక్టోబర్ వానలకు ముందు ఆ రెండు కొసలూ విప్పి తుడుస్తాను, డాష్‌బోర్డు వెనక గేజీ ఎర్త్ కూడా. అది వదులైతే హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కదులుతుంది, గుర్తుపట్టడం తేలిక.

ఇక గేజీ గురించి. ఏడేళ్ల ఎండకి అంకెల తెలుపు పసుపయింది, వానాకాలం అద్దం లోపల ఆవిరి పడుతుంది, రాత్రిపూట దాని బల్బు గుడ్డిదీపమే. ముల్లు మాత్రం పైపు గేజీతో ఈ మధ్య పోల్చినప్పుడు పావు కేజీ తేడా కూడా లేదు. ఆ ధరకి అంతకన్నా ఏం కావాలి? ఎర్ర లైటు స్విచ్ తీసేసి ఇంజన్‌లో దాని బొక్కలో సెండర్ పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి.

పైపు గేజీ కూడా ఒకటి సొంతంగా కొన్నాను, అనుమానం వచ్చినప్పుడు పెట్టి చూడటానికి. ఇప్పుడది నా దగ్గర లేదు. పక్క గుంటాయన తన ట్రాక్టర్‌కని పట్టుకుపోయి మూడు నెలలైంది.