స్విఫ్ట్‌కి పెద్ద చక్రాలా, దించిన సస్పెన్షనా: ఏది మేలు?

మారుతి సుజుకి స్విఫ్ట్ కారు కొన్నవాళ్లలో చాలామందికి మొదటి సర్వీసు కాకముందే ఒక దురద మొదలవుతుంది. టైరు పైన, ఫెండర్ (చక్రం మీదుగా వంగే బాడీ అంచు) కింద పిడికిలి పట్టేంత ఖాళీ కంటికి ఆనుతుంది. అది పోతే బండి ఎంత బాగుంటుందో అనిపిస్తుంది. వెంటనే అలాయ్ వీల్స్ షాపుకి వెళ్లి పదిహేడు అంగుళాల రిమ్ములు బేరమాడతారు. తిరకాసు అక్కడే ఉంది. పెద్ద రిమ్ము వేస్తే ఆ ఖాళీ తగ్గదు.

రిమ్ము పెరిగిన మేరకు టైరు సైడ్‌వాల్ (రిమ్ము నుంచి రోడ్డు దాకా ఉండే రబ్బరు గోడ) తగ్గాలి. చక్రం మొత్తం ఎత్తు మాత్రం దాదాపు అలాగే ఉండాలి. లేకపోతే స్పీడోమీటర్ తేడాగా చూపిస్తుంది. ఎత్తు మరీ పెరిగితే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకుంటుంది కూడా. సైజులు ఇలా ఉంటాయి (185/65 ఆర్15 అంటే టైరు వెడల్పు 185 మి.మీ., సైడ్‌వాల్ అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు):

185/65 ఆర్15 (పై వేరియంట్ జడ్ఎక్స్ఐకి కంపెనీ ఇచ్చేది): సైడ్‌వాల్ 120 మి.మీ., మొత్తం ఎత్తు 621 మి.మీ.
195/55 ఆర్16: సైడ్‌వాల్ 107 మి.మీ., మొత్తం ఎత్తు 621 మి.మీ.
205/45 ఆర్17: సైడ్‌వాల్ 92 మి.మీ., మొత్తం ఎత్తు 616 మి.మీ.

అంటే పదిహేడు వేస్తే ఖాళీ తగ్గకపోగా రెండు మూడు మి.మీ. పెరుగుతుంది! కంటికి నిండుగా కనిపించేది రిమ్ము సైజు, దాని డిజైన్. ఖాళీ నిజంగా పోవాలంటే బాడీ కిందికి రావాలి, అంటే సస్పెన్షన్ దించాలి. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మీకు కావలసింది లుక్కా, ఆ ఖాళీ పోవడమా, మలుపుల్లో గ్రిప్పా అన్నది. మూడింటికీ మందు ఒకటి కాదు.

పదహారుతో మొదలుపెడదాం. మొత్తం ఎత్తు కంపెనీ టైరుతో సమానం, స్పీడోమీటర్‌తో పేచీ లేదు. సైడ్‌వాల్‌లో పోయేది 13 మి.మీ. మాత్రమే. స్టీరింగ్ కాస్త చురుగ్గా అనిపిస్తుంది, గుంతల్లో దెబ్బ కొంచెం గట్టిగా తెలుస్తుంది. మన రోడ్ల మీద అది భరించదగ్గ బేరమే.

పదిహేడుతో లెక్క మారుతుంది. వానాకాలంలో నీళ్ల కింద గుంత కనపడదు. అంచు పదునుగా ఉన్న గుంతలో 92 మి.మీ. సైడ్‌వాల్ పడితే టైరు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగిపోతుంది. లోపలి దారాలు తెగి పక్కన బుగ్గలా ఉబ్బుతుంది. ఆ బుగ్గకి పంక్చర్ షాపులో వైద్యం లేదు, టైరు మార్చాల్సిందే. దాంతోపాటు రిమ్ము కూడా వంగితే ఖర్చు రెండింతలు. పైగా చవక అలాయ్స్ బరువుగా ఉంటాయి. స్ప్రింగ్ కింద వేలాడే బరువు ఎంత పెరిగితే, గతుకుల మీద చక్రం రోడ్డుని పట్టుకుని ఉండటం అంత కష్టం. తిప్పడానికీ ఆపడానికీ కూడా ఎక్కువ శ్రమే. అందంగా ఉంటుంది, కాదనను.

షాపులో రెండు విషయాలు అడక్కపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఒకటి లోడ్ ఇండెక్స్. కంపెనీ టైరు మీద 88 ఉంటుంది, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. 205/45 ఆర్17లో 84 రకం కూడా దొరుకుతుంది, అది మోసేది 500 కిలోలే. రెండోది రిమ్ము మధ్య రంధ్రం. స్విఫ్ట్ హబ్బుకి (చక్రం బిగించే మధ్య భాగానికి) కావలసింది 54.1 మి.మీ. బయటి అలాయ్స్‌కి అది పెద్దగా ఉంటుంది కాబట్టి మధ్యలో రింగులు వేయించాలి. లేకపోతే వేగం పెరిగాక స్టీరింగ్ వణుకుతుంది, ఎన్నిసార్లు వీల్ బ్యాలెన్సింగ్ చేయించినా టెన్షన్ తీరదు.

ఇక దించడం. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ ఖాళీ బండికి 163 మి.మీ. 30 మి.మీ. తక్కువ ఎత్తున్న స్ప్రింగులు వేస్తే 133కి వస్తుంది. నలుగురు ఎక్కి డిక్కీలో సామాను పెడితే ఇంకా కుంగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలా వేసిన దాని మీద దించిన కారు కూడా నెమ్మదిగా దాటుతుంది. కానీ ఊళ్లలో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసే గట్టుకి ఆ ప్రమాణం ఎవరు చెప్పారు? అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ సంగతీ అంతే. కింద ఏటవాలు ముగిసే చోట ముందు బంపర్ గీసుకుంటుంది, పైన మొదలయ్యే చోట బండి మధ్యభాగం ఆనుతుంది.

దించితే లాభం లేదని కాదు. బండి గరిమనాభి దాదాపు అర మీటరు ఎత్తులో ఉంటుంది. 30 మి.మీ. తగ్గితే మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే బరువు ఐదారు శాతం తగ్గుతుంది. ఆ తేడా శ్రీశైలం ఘాట్ మలుపుల్లో తెలుస్తుంది. కానీ ముందున్న మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్‌లో (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే కాలులా ఉండే రకం) దించేకొద్దీ లింకుల కోణాలు మారిపోతాయి, బాడీ ఒరగడాన్ని ఆపే భారం గట్టి స్ప్రింగుల మీద ఎక్కువగా పడుతుంది. ఆ గట్టి స్ప్రింగులని అదుపు చేయడానికి కంపెనీ షాక్ అబ్జార్బర్లు సరిపోవు. బండి ఎగురుతుంది, అవి కూడా తొందరగా పోతాయి. అందుకే దించేవాళ్లు స్ప్రింగులతో ఆగకుండా వాటికి తగ్గ షాక్స్ కూడా వేయించాలి, అప్పుడు ఖర్చు పెద్ద చక్రాల ఖర్చుని మించిపోతుంది. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేయకపోతే ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి, బయటి నుంచి చూస్తే కొత్తవాటిలాగే ఉంటాయి.

ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోసి దించే మెకానిక్కులు కూడా ఉన్నారు. అది వద్దు. బండి జాకీ మీద లేచినా, పెద్ద గుంతలో చక్రం వేలాడినా, కోసిన స్ప్రింగు తన కూర్చునే చోటు నుంచి తప్పుకోవచ్చు.

రెండూ కలిపి చేస్తే? సుజుకి కంపెనీయే చేసింది. 2017లో జపాన్‌లో వచ్చిన స్విఫ్ట్ స్పోర్ట్‌కి 195/45 ఆర్17 టైర్లు, 120 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్. కానీ దానికి వేరే స్ట్రట్స్, వేరే స్ప్రింగులు, ఐదు బోల్టుల హబ్బులు ఇచ్చింది. నడిచేది జపాన్ రోడ్ల మీద. అదే సుజుకి మన దేశంలో అమ్మే స్విఫ్ట్‌కి 163 ఉంచింది. దానికన్నా గట్టి సలహా నా దగ్గర లేదు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీలోని వివరాలు కంపెనీ చెప్పినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదంటుంది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ వేయవచ్చని 2019 సవరణ చెబుతోంది. బయట వేయించిన అలాయ్స్‌ని ఇన్సూరెన్స్ పాలసీలో చూపించుకోండి.

నా ఓటు ఇలా. పట్టు కావాలంటే పదిహేను రిమ్ములే ఉంచి 195/60 ఆర్15లో మంచి టైర్లు వేయండి. ఎత్తు 615 మి.మీ., తేడా ఒక శాతమే. రూపాయికి ఇంత ఫలితం ఇంకెందులోనూ రాదు. లుక్ కావాలంటే తేలికైన పదహారు, కంపెనీ సస్పెన్షన్ మీదే. ముఖ్యంగా కింది వేరియంట్ వీఎక్స్ఐ పద్నాలుగు అంగుళాల చక్రాల నుంచి వచ్చేవాళ్లకి ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దించడం మాత్రం ఎక్కువగా ఔటర్ రింగ్ రోడ్డు మీదే తిరిగి, ఇంట్లో ఊళ్లకి వెళ్లడానికి ఇంకో బండి ఉన్నవాళ్లకి. వాళ్లు కూడా 25-30 మి.మీ. దాటొద్దు. తీసేసిన పాత స్ప్రింగులని షాపులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి, బండి అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది అవే.