పద్నాలుగేళ్ల 8×42 బైనాక్యులర్: జెట్‌లు చూసేవాళ్లకి పనికొస్తుందా?

దీన్ని 2011లో జపాన్ దీవి ఒకినావాలో కొన్నాను. అప్పట్లో దాదాపు 300 డాలర్లు పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ మోడల్ ఇప్పుడు దొరకదు, పైగా మంచితో పాటు చెడు కూడా రాయబోతున్నా కాబట్టి ఎవరితోనూ పేచీ వద్దు. 8×42, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. రూఫ్ ప్రిజం, అంటే గొట్టాలు తిన్నగా ఉండే రకం. తేమ పట్టకుండా లోపల నైట్రోజన్ నింపినది, బరువు అరకిలోకి కాస్త ఎక్కువ. ఈ కొలతల్లో ఏ మంచి కంపెనీది తీసుకున్నా నేను చెప్పేదాంట్లో ముప్పాతిక వంతు దానికీ వర్తిస్తుంది.

పక్షులు చూసేవాళ్లు రాసిన సమీక్షలు బోలెడు ఉన్నాయి. నేను చూసేది యుద్ధవిమానాల్ని. అది వేరే అవసరం. పిట్ట కొమ్మ మీద కూర్చుంటుంది, జెట్ కూర్చోదు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు. పదమూడేళ్లప్పుడు అమ్మానాన్నలతో అద్దంకి దగ్గర ఊరు వదిలి అమెరికా వచ్చాను. పౌరసత్వం వచ్చాక, అమ్మ వారం రోజులు మాట్లాడకపోయినా సరే, ఎయిర్‌ఫోర్స్‌లో చేరాను. 2009 నుంచి మూడేళ్లు ఒకినావాలోని అమెరికా వాయుసేన బేస్ కడేనాలో ఎఫ్-15 యుద్ధవిమానానికి క్రూ చీఫ్‌గా చేశాను. విమానం నడిపేది పైలట్, దాన్ని నడిచేలా ఉంచేది మేము. మా 67వ స్క్వాడ్రన్ గుర్తు కోడిపుంజు. భుజం మీద ఆ బ్యాడ్జీ పెట్టుకుని దిగిన ఫొటో పంపిస్తే బాబాయి ఫోన్ చేసి, "సంక్రాంతికి పందేలు అక్కడ కూడా ఉన్నాయేమిట్రా?" అన్నాడు.

రోజూ పొద్దున్నే అందరం వరసగా నిలబడి, తలలు వంచుకుని, విమానాలు ఆగే చోటంతా నడిచేవాళ్లం. రాయి, స్క్రూ, వైరు ముక్క, ఏది కనబడినా ఏరి జేబులో వేసుకోవడమే. చిన్న గులకరాయి ఇంజిన్లోకి వెళ్తే లక్షల డాలర్ల నష్టం. ఇప్పటికీ పార్కింగ్ స్థలంలో నడుస్తూ నట్టులూ మేకులూ ఏరుతుంటాను, మా ఆవిడకి చిరాకు. ఆ తర్వాత విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా తడిమి చూడటం, ఎర్ర రిబ్బన్లు వేలాడే పిన్నులు తీసి లెక్కపెట్టుకోవడం, పైలట్‌కి చేతి సైగలు. ముందు చిన్న స్టార్టర్ ఇంజిన్ కీచుమంటూ లేస్తుంది. ఆ కీచు బొంగురుపోయి పెద్ద ఇంజిన్ అందుకున్నప్పుడు చెవులతో పాటు పక్కటెముకలకి కూడా తెలుస్తుంది. చెవుల్లో నురుగు బిళ్లలు, వాటి మీద పెద్ద డిప్పలు, రెండూ పెట్టుకునేవాణ్ణి. అయినా సరే, ఈ రోజు నా ఎడమ చెవిలో ఎప్పుడూ సన్నగా ఈల మోగుతూనే ఉంటుంది. ఒకప్పుడు కళ్లు మూసుకుని ఏ విమానమో చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెవులు చెప్పలేవు, అందుకని ఆ పని ఈ బైనాక్యులర్‌కి అప్పజెప్పాను.

కొన్న కథ చిన్నదే. కడేనా కంచె అవతల, రోడ్డు పక్కన, స్థానిక టౌన్ వాళ్లు కట్టిన మిచినోఎకి అనే విశ్రాంతి భవనం ఉంది. మన హైవే పక్కన దాబాలాంటి చోటు అనుకోండి, కాకపోతే పై అంతస్తులో బేస్ వైపు చూసే డాబా ఉంటుంది. 3,700 మీటర్ల రన్‌వేలు రెండూ అక్కడి నుంచి పరిచినట్టు కనబడతాయి. జపాన్ నలుమూలల నుంచీ మనుషులు నిచ్చెనలు, కెమెరాలు, చిన్న రేడియోలు వేసుకుని వస్తారు. ఒక సెలవు రోజున నేనూ ఎక్కాను. పక్కనున్న పెద్దాయన తన బైనాక్యులర్ నా చేతిలో పెట్టాడు. చూస్తే, మా విమానమే దిగుతోంది. తోక మీద కడేనా గుర్తు జెడ్ జెడ్ అక్షరాలు, కాక్‌పిట్ కింద నా పేరు. మా ఇంటిపేరు ఇంగ్లీషులో పద్నాలుగు అక్షరాలు, స్టెన్సిల్‌లో పట్టక నాలుగుకి కత్తిరించారు. ఆ నాలుగు అక్షరాలు అక్కడి నుంచి చదవగలిగానా అంటే, నిజానికి లేదు. ఉన్న చోటు తెలుసు కాబట్టి చదివినట్టు అనిపించింది. మర్నాడే బేస్ లోపలి దుకాణంలో నాదంటూ ఒకటి కొనేశాను.

అదే భవనంలో డాబా కింది అంతస్తులో ఆ ఊరి కష్టం కూడా ప్రదర్శనకి పెట్టారు. కడేనా టౌన్ నేలలో 82 శాతం బేస్ కిందే ఉంది. మోత భరించలేక జనం మళ్లీ మళ్లీ కోర్టుకెక్కారు. పరిహారం వచ్చింది కానీ రాత్రి ఎగరడాలు ఆగలేదు. 1959 జూన్ 30న కడేనా నుంచి లేచిన ఎఫ్-100 యుద్ధవిమానం ఒకటి ఇషికావాలో బడి మీద కూలి పదిహేడు మంది పోయారు, వాళ్లలో పదకొండు మంది చిన్నపిల్లలు. నేను మోతని పాటలా విన్నాను, వాళ్లు విన్నది అది కాదు. నాకు బైనాక్యులర్ ఇచ్చిన పెద్దాయన కూడా ఆ ఊరివాడే. ఎందుకు వస్తారని అడిగితే, వచ్చీరాని ఇంగ్లీషులో "లెక్కపెట్టడానికి" అన్నాడు. నోటుబుక్కులో టైము, విమానం రకం, ఎన్ని లేచాయి, అన్నీ గీతలు గీసి రాసుకున్నాడు.

సరే, వస్తువు దగ్గరికి వస్తాను.

మొదటి ప్రశ్న అందరూ అడిగేదే: ఎనిమిది రెట్లా, పది రెట్లా? జెట్‌కి ఎనిమిదే. నాదాంట్లో కిలోమీటరు దూరంలో సుమారు 110 మీటర్ల వెడల్పు కనబడుతుంది. ఎఫ్-15 పొడవు 19 మీటర్ల పైచిలుకు. అంటే విమానం మధ్యలో ఉండి, చుట్టూ దాన్ని వెంటాడటానికి చోటు మిగులుతుంది. నా స్నేహితుడి పది రెట్లది అరువు తీసుకుని చూశాను. బొమ్మ పెద్దదే, కానీ విమానం అద్దంలోంచి జారిపోతుంది, చెయ్యి వణుకు కూడా పది రెట్లవుతుంది. మనకి వయసు పెరిగేదే కానీ తగ్గేది కాదు కదా.

రెండోది వెలుతురు. 42ని 8తో భాగిస్తే ఐదుకి పైన. అంటే కంటి దగ్గర ఐదు మిల్లీమీటర్ల పైన వెడల్పున్న వెలుగు చుక్క పడుతుంది. ఇప్పుడు నేనుండేది అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్. ఇక్కడ చలికాలం ఆకాశం కడిగిన సిమెంటు రంగులో ఉంటుంది, బూడిద రంగు విమానం దాంట్లో కలిసిపోతుంది. అప్పుడు ఈ అంకె విలువ తెలుస్తుంది. కళ్లద్దాలున్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. కళ్లద్దాల వల్ల కన్ను కాస్త వెనక్కి ఉన్నా బొమ్మ పూర్తిగా కనబడాలి. నాది ఆ విషయంలో బంగారం, కళ్లద్దాలు తియ్యకుండానే చూస్తాను.

వాడే పద్ధతి కూడా చెప్తాను, ఎందుకంటే మొదటి నెలంతా నేను ఖాళీ ఆకాశమే చూశాను. మోత వచ్చిన వైపు తిప్పకండి. మూడు కిలోమీటర్ల దూరం నుంచి శబ్దం మనదాకా రావడానికి తొమ్మిది సెకన్లు పడుతుంది. ఆలోపు జెట్ ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. ముందు ఉత్త కంటితో పట్టుకోండి, చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తెండి. తల వంచి దాన్ని వెతుక్కుంటే పోయినట్టే. సూర్యుడు ఉన్న వైపు విమానం వెళ్తుంటే వెంటనే దించేయండి. ఆ ఒక్క ఫ్రేము కోసం కన్ను పోగొట్టుకోవద్దు.

ఇక లోపాలు. మూడేళ్లకే మెడ తాడు కుట్టు ఊడింది. లెన్స్ మూతలు ఎప్పుడో ఎక్కడో పడిపోయాయి. కుడి కంటికి సరిచేసుకునే రింగు వదులైపోయి తనంతట తనే తిరుగుతుంది. దాని మీద చిన్న టేపు ముక్క అంటించి ఏడేళ్లుగా నెట్టుకొస్తున్నా. పెద్ద దెబ్బ 2017లో. కారు బానెట్ మీద పెట్టి మరచిపోయాను, కాంక్రీటు మీద పడింది. అద్దం పగల్లేదు, బతికిపోయాననుకున్నాను. కానీ ఆ రోజు నుంచి పది నిమిషాలు చూస్తే తలనొప్పి. రెండు గొట్టాలూ ఒకే దిక్కుకి చూడటం మానేశాయన్నమాట. ఎడమ కన్ను ఒక విమానాన్ని, కుడి కన్ను దాని పక్కనే ఇంకో విమానాన్ని చూస్తుంటే, మెదడు రెండిటినీ కలపలేక చస్తుంది. రిపేరుకి పంపితే రెండు నెలలు చప్పుడు లేదు. అడిగిన ప్రతిసారీ కొత్త మనిషి, కొత్త సమాధానం. చివరికి వచ్చింది, బాగానే చేశారు, కానీ ఆ రెండు నెలల టెన్షన్ నాకే తెలుసు. పడేసింది నేనే కాబట్టి నోరు మూసుకున్నాను.

మెచ్చుకోవాల్సింది నీళ్ల సంగతి. కడేనాలో విమానాలు ఎగిరి వచ్చాక స్నానం చేయించేవాళ్లం. నేలలోంచి మంచినీళ్లు చిమ్మే చోట మెల్లగా నడిపితే ఉప్పు కడుక్కుపోతుంది. అంత చేసినా తుప్పు ఏదో మూల పట్టేసేది. అదే ఉప్పుగాలిలో ఏడాది పైన, తర్వాత పోర్ట్‌లాండ్ వానల్లో పదేళ్లు దాటి తిరిగిన ఈ వస్తువు లోపల ఒక్క బూజు చుక్క లేదు. ఊళ్లో ఒక వేసవంతా బీరువాలో ఉంది, అప్పుడు కూడా ఏం కాలేదు.

ఊరంటే గుర్తొచ్చింది. 2022 డిసెంబరు 29న జాతీయ రహదారి 16 మీద, బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర, మన వాయుసేన అత్యవసర రన్‌వే పరీక్ష పెట్టింది. నేను సెలవులకి వచ్చి ఉన్నాను. పొలం గట్టున బాబాయి, నేను. సుఖోయ్ రోడ్డు మీదికి కిందకంటా వచ్చి, చక్రాలు ఆనించకుండానే లేచిపోయింది. బైనాక్యులర్ బాబాయికి ఇస్తే తిరగేసి పట్టుకుని, "దగ్గరున్నదాన్ని దూరం చేస్తోందేమిట్రా ఇది!" అన్నాడు. ఇంతలో ఒక కానిస్టేబుల్ వచ్చి, "ఏం సార్, ఎవరు మీరు, దేంతో చూస్తున్నారు?" అని మొదలుపెట్టాడు. బాబాయి మా మూడు తరాల చరిత్ర చెప్పి పంపించాడు. ఇండియాలో చూడాలనుకునేవాళ్లకి ఇదే నా సలహా: ఎయిర్‌ఫోర్స్ గోడల దగ్గర బైనాక్యులర్ బయటికి తీయకండి, ఫొటోల జోలికి అసలే పోకండి. బెంగళూరులో ఏరో ఇండియా లాంటి ప్రదర్శనలు ఉన్నాయి, అక్కడ దర్జాగా చూడొచ్చు.

అదే నెల మొదట్లో కడేనా నుంచి ఎఫ్-15లు వెనక్కి వెళ్లడం మొదలైంది. 1979 నుంచి అక్కడ ఉన్నవి. ఆ వార్త ఊళ్లో మంచం మీద పడుకుని ఫోన్లో చదివాను. కొన్ని ఇంకా వేరే చోట్ల ఎగురుతాయి, కొన్ని ఎడారిలో పాత విమానాల పెరట్లోకి వెళ్తాయి. నేను చూసుకున్నది ఎక్కడికి పోయిందో.

పోర్ట్‌లాండ్‌లో నేషనల్ గార్డ్ (రాష్ట్రాల రిజర్వు సైన్యం) వాళ్లవి పాత రకం ఎఫ్-15సీలు ఉండేవి. వాటి తోక నంబర్లు ఒక్కొక్కటీ చదివేవాణ్ణి, నాది ఏనాడూ కనబడలేదు. 2024 జూన్ నుంచి వాటి స్థానంలో కొత్త ఎఫ్-15ఈఎక్స్‌లు రావడం మొదలైంది. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి, అక్కడే ఈ 8×42 డబ్బు గిట్టుబాటవుతుంది. పాతదాని వెనక ఇంజిన్ నాజిల్ చుట్టూ రేకులు ఉండవు, ఎముకలు తేలినట్టు లోపలి కడ్డీలు కనబడతాయి. కొత్తదానికి వేరే ఇంజిన్, రేకులన్నీ నున్నగా మూసుకుని ఉంటాయి. లేచి వెళ్లేటప్పుడు వెనక నుంచి రెండు సెకన్లు చూస్తే చాలు. మోతలో కూడా తేడా ఉందని మా అబ్బాయి అంటాడు. వాడి చెవులు మంచివి, నేను ఒప్పుకుంటాను.

రేటింగ్ చుక్కలు ఇవ్వడం నాకు చేతకాదు. మా దగ్గర విమానం దిగాక పైలట్ మూడు మాటల్లో ఒకటి చెప్పేవాడు. కోడ్ వన్ అంటే ఏ లోపమూ లేదు. కోడ్ త్రీ అంటే బాగుచేసే దాకా ఎగరదు. మధ్యలో కోడ్ టూ, చిన్న చిన్న లోపాలున్నా రేపు మళ్లీ ఎగరొచ్చు. ఇది కోడ్ టూ. ఎడమ కంటి రబ్బరు కప్పు కూడా చీలింది, కొత్త జత ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు.