లినక్స్ మింట్‌లో గేమింగ్: గేమ్ నడుస్తుంది, లాంచరే నడవనివ్వదు

ఒక్కడినే ఆడుకునే గేమ్. డబ్బులు కట్టి కొన్నాను, 110 జీబీ డౌన్‌లోడ్ చేసి నా హార్డ్‌డిస్క్‌లోనే పెట్టుకున్నాను. అయినా అది తెరుచుకోవాలంటే ముందు ఆ కంపెనీ వాళ్ళ లాంచర్, అంటే గేమ్‌ను తెరిచే వాళ్ళ సొంత ప్రోగ్రాము, తెరుచుకోవాలి, వాళ్ళ సర్వర్లో లాగిన్ అవ్వాలి, వాళ్ళు సరే అనాలి. ఇల్లు కొనుక్కుని రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా గేటు తాళం బిల్డర్ దగ్గరే ఉన్నట్టుంది యవ్వారం. విండోస్ వదిలేసి, ఉచితంగా దొరికే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌కి వచ్చాక నాకు మిగిలిన కోపం ఇదొక్కటే. అది లినక్స్ మీద కాదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, "చూశావా, అందుకే విండోస్ ఉండాలి" అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు.

నాది ఇంటెల్ ఐ5, ఏడో తరం. ఆర్ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు, అది కూడా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అర్హత, పైగా టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోతుందని ముందు నుంచీ తెలిసిందే. తర్వాత ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే వీలు పెట్టారు గానీ, నేను అంతదాకా ఆగలేదు. 2024లో మింట్ 22 రాగానే మారిపోయాను. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించే చిట్కాలూ ఉన్నాయి, మా బావ పాత సిస్టమ్ అలాగే నడుస్తోంది, ఇప్పటిదాకా ఏ గొడవా లేదు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ మారుద్దామా అంటే అది కొత్త సిస్టమ్ కొన్నట్టే. ఇప్పుడున్న ర్యామ్ రేట్లు చూశాక ఆ ఊసే ఎత్తడం లేదు.

మింట్ ఇన్‌స్టాల్ చేయడం, డెస్క్‌టాప్ ఎలా ఉంటుంది, ఇవన్నీ వదిలేస్తున్నా. ఏఎండీ కార్డు కాబట్టి డ్రైవర్ వెతుక్కునే పని కూడా పడలేదు. నేరుగా ప్రోటాన్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది అదే.

విండోస్ కోసం రాసిన ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్ ప్రాజెక్టు 1993 నుంచీ ఉంది. కాలేజీ రోజుల్లో దాంతో కుస్తీ పట్టినవాళ్ళకి తెలుసు, ఒక మెనూ కనపడితే పండగ చేసుకునేవాళ్ళం. 2018 ఆగస్టులో వాల్వ్ కంపెనీ ఆ వైన్‌నే తీసుకుని, విండోస్ గ్రాఫిక్స్ భాష డైరెక్ట్‌ఎక్స్‌ను లినక్స్‌కి అర్థమయ్యే వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే లాంటివి జోడించి, ప్రోటాన్ పేరుతో తన ఆన్‌లైన్ గేముల దుకాణం స్టీమ్‌లో కలిపేసింది. ఇప్పుడు నేను చేసేదల్లా ఇన్‌స్టాల్ నొక్కడం, ప్లే నొక్కడం. మొదటిసారి తెరిచేటప్పుడు వల్కన్ షేడర్లు (తెర మీద బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) ప్రాసెస్ అవుతున్నాయంటూ ఒక చిన్న కిటికీ, అందులో నెమ్మదిగా కదిలే గీత, పక్కన స్కిప్ అనే బటన్. స్కిప్ కొట్టకుండా వెళ్ళి టీ పెట్టుకుని వస్తే, తర్వాత ఆటలో ఆగి ఆగి నడవడం ఉండదు.

ఎల్డెన్ రింగ్ అలాగే మొదలుపెట్టాను. యాంటీ-చీట్ (ఆటలో మోసాల్ని పట్టే ప్రోగ్రాము) ఉన్న గేమ్ కదా, ఏదో ఒక ఎర్రర్ రాకుండా ఉంటుందా అని చూస్తూ కూర్చున్నా. ఏమీ రాలేదు. మీడియం సెట్టింగుల్లో, నా ముసలి ప్రాసెసర్ మీద, చచ్చింది నేనే తప్ప గేమ్ ఒక్కసారి కూడా చావలేదు. పుణె వాళ్ళు చేసిన 'రాజి' అనే గేమ్ కూడా అంతే, కొన్న రాత్రే సగం దాకా వెళ్ళిపోయాను. విండోస్‌లో ఉన్నప్పుడు కొన్నవన్నీ ఒక్కొక్కటే దించి చూశాను, దాదాపు అన్నీ నడిచాయి. మా వాళ్ళకి ఫోన్ చేసి మరీ చెప్పాను, "విండోస్ అక్కర్లేదురా, అన్నీ నడుస్తాయి" అని.

ఇక ఆ లాంచర్ సంగతి.

కంపెనీ పేరు ఎందుకులే, పెద్ద కంపెనీయే. వానాకాలం, శనివారం రాత్రి. మా వీధి చివర చెట్టు కొమ్మ విరిగిపడి ఫైబర్ కేబుల్ తెగింది. కరెంటు ఉంది, నెట్ లేదు. గేమ్ ఆడుకోవడానికి ఇంతకంటే మంచి రాత్రి ఏముంటుంది? స్టీమ్ ఆఫ్‌లైన్‌లో తెరుచుకుంది. ఈ గేమ్ నొక్కితే లాంచర్ వచ్చి, లాగిన్ గడువు ముగిసింది, మళ్ళీ లాగిన్ అవ్వమంది. ఆఫ్‌లైన్‌లో ఆడొచ్చని వాళ్ళే రాశారు. కాకపోతే ఆ ఆఫ్‌లైన్‌కి వెళ్ళాలంటే మధ్యమధ్యలో ఆన్‌లైన్‌లో కనపడుతూ ఉండాలట.

సరే, ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేశా. నెట్ తగలగానే లాంచర్ తనని తాను అప్‌డేట్ చేసుకోవడం మొదలెట్టింది. నా ఫోన్ డేటా చాలావరకు మింగేసి, మూసుకుని, మళ్ళీ తెరుచుకుంది. తెరుచుకుంటే ఏముంది, తెల్లటి కిటికీ. లాగిన్ పెట్టె లేదు, బొమ్మ లేదు, అక్షరం లేదు. కింద ప్యానెల్లో మాత్రం కంపెనీ లోగో కళకళలాడుతోంది.

లినక్స్‌లో ఇలాంటప్పుడు చేసేవి కొన్ని ఉన్నాయి. గేమ్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్ళి వేరే ప్రోటాన్ వెర్షన్ ఎంచుకోవడం మొదటిది. ఎక్స్‌పరిమెంటల్ పెట్టా, తెలుపే. జీఈ-ప్రోటాన్ పెట్టా, తెలుపే, కాకపోతే ఒక క్షణం లాగిన్ పెట్టె మెరిసి మాయమైంది. చివరికి కంపాట్‌డేటాలో ఆ గేమ్ ఫోల్డర్ తీసేశాను. ప్రతి గేమ్‌కీ ప్రోటాన్ ఒక చిన్న ఉత్తుత్తి విండోస్ కట్టిపెడుతుంది, అది ఉండే చోటు ఇదే. తీసేస్తే కొత్తది కట్టుకుంటుంది. (క్లౌడ్ సేవ్ లేని గేమ్ అయితే సేవ్ ఫైళ్ళు కూడా అందులోనే ఉంటాయి. ముందు పక్కన కాపీ పెట్టుకోండి.) ఈసారి లాగిన్ పెట్టె వచ్చింది. కానీ లాంచర్ దృష్టిలో ఇది కొత్త కంప్యూటర్, కాబట్టి మెయిల్‌కి కోడ్ పంపింది. కోడ్ వచ్చేసరికి దాని గడువు దాటిపోయింది. మళ్ళీ అడిగితే, చాలాసార్లు ప్రయత్నించారు, రేపు రండి అంది.

సపోర్టుకి రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు: మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కి మేం సపోర్టు ఇవ్వం, విండోస్‌లో ప్రయత్నించి చూడండి. నిన్నటిదాకా ఇదే సిస్టమ్‌లో నడిచింది, మారింది మీ లాంచర్ కదా అని రాస్తే టికెట్ మూసేసి, మా సేవ ఎలా ఉందో రేటింగ్ ఇవ్వమన్నారు. ఇచ్చాను.

అదే సమయంలో మా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడి దగ్గర నిఖార్సైన విండోస్ 11 ల్యాప్‌టాప్, అదే గేమ్.

"ఒరేయ్, నీ దాంట్లో లాంచర్ తెరుచుకుంటుందేమో ఒకసారి చూడరా."

కాసేపాగి వాడే చేశాడు. "మావయ్యా, నాది అప్‌డేట్ 99 దగ్గర ఆగిపోయింది. క్యాన్సిల్ కూడా అవ్వట్లేదు. నువ్వు అడక్కపోయినా బాగుండేది."

కడుపు మంట కొంచెం చల్లారింది, అబద్ధమెందుకు. వారం తిరక్కముందే ఇంకో అప్‌డేట్ వచ్చి ఇద్దరిదీ దానంతటదే బాగైంది. ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. ఇంకో విషయం, లాంచర్ తెరిచి ఉన్నంతసేపూ స్టీమ్ లెక్కలో గేమ్ ఆడుతున్నట్టే. 2 గంటల లోపు ఆడి ఉంటేనే కదా రీఫండ్, అది కూడా కొన్న 14 రోజుల్లోపు. అంటే తెల్ల కిటికీని చూస్తూ కూర్చున్న సమయం కూడా ఆటలోకే వస్తుంది. కొత్తగా కొన్నవాళ్ళు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, లాంచర్ మొరాయిస్తే వెంటనే మూసేయండి.

అప్పట్నుంచి స్టీమ్‌లో ఏదైనా కొనేముందు నేను ట్రైలర్ చూడను. పేజీలో కుడిపక్క చూస్తాను. వేరే కంపెనీ ఖాతా కావాలన్నా, బయటి డీఆర్‌ఎం (కాపీ కొట్టకుండా వేసే తాళం) ఉన్నా అక్కడ రాసి ఉంటుంది. కెర్నెల్ స్థాయి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె దాకా వెళ్ళే యాంటీ-చీట్ ఉంటే అది కూడా చెప్పి తీరాలని 2024 చివర్లో వాల్వ్ నిబంధన పెట్టింది. ఆ పెట్టె ఖాళీగా ఉంటేనే ధర వైపు చూస్తా.

యాంటీ-చీట్ అంటే గుర్తొచ్చింది. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ రెండూ ప్రోటాన్‌లో పనిచేసే వీలు 2021లోనే వచ్చింది. గేమ్ చేసినవాళ్ళు సరే అనడమే మిగిలింది. కొందరు అన్నారు, కొందరు అనలేదు. ఏపెక్స్ లెజెండ్స్ మొదట సరే అని, మోసగాళ్ళు ఎక్కువయ్యారంటూ 2024లో లినక్స్‌కి తలుపు మూసేసింది. వాలరెంట్ గేమ్‌కి ఉన్న వాన్‌గార్డ్ యాంటీ-చీట్ అసలు లినక్స్‌లో లేదు. అదే వాన్‌గార్డ్‌ను 2024లో లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కి కూడా తగిలించేసరికి, అప్పటిదాకా లినక్స్‌లో ఆడుకుంటున్నవాళ్ళు ఉన్నట్టుండి రోడ్డున పడ్డారు. నెట్ బ్యాంకింగ్ చేసుకునే మెషీన్లో ఎవరి గేమ్ ప్రోగ్రామో కెర్నెల్ దాకా వెళ్ళి కూర్చోవడం నాకైతే ఇష్టం లేదు. కానీ ర్యాంకుల కోసం ఆడేవాడికి మోసగాడితో ఎదురయ్యే చిరాకు ఏంటో మా మేనల్లుడిని అడిగితే తెలుస్తుంది. వాడు మా ఇంటికొస్తే నా కంప్యూటర్ జోలికే రాడు.

కాబట్టి "అన్నీ నడుస్తాయి" అని ఫోన్ చేసి చెప్పిన మాటకి ఒక సవరణ: నేనాడేవి నడుస్తాయి. ఆ షేడర్ల గీత కూడా, మొదట్లో ముచ్చటగా ఉండేది గానీ, పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదటికొస్తుంది, నా ప్రాసెసర్ మీద టీ ఏం ఖర్మ, వంట కూడా అయిపోతుంది. పాత విండోస్ డ్రైవ్‌లో ఉన్న గేముల్ని విండోస్ ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనే ఉంచి నడపబోతే కొన్ని తెరుచుకోలేదు, లినక్స్ ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లోకి కాపీ చేశాక బాగయ్యాయి.

గేములు కానివాటికొస్తే, తెలుగు టైపింగ్‌కి ఏ లోటూ లేదు. టైపింగ్ పద్ధతులు మార్చే ఐబస్‌లో ఎమ్17ఎన్ వేసుకుంటే ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్ట్, యాపిల్ కీబోర్డులన్నీ ఉన్నాయి, ఇది కూడా అందులోనే కొడుతున్నా. కానీ డీటీపీ చేసేవాళ్ళు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్లో బతికేవాళ్ళు ఇటు రాకండి. ట్యాలీ కూడా విండోస్ ప్రోగ్రామే. నాకు ఆఫీసు వాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంది, ఆ పనులన్నీ అందులో గడిచిపోతాయి. అది లేకపోతే ఇంత ధీమాగా రాసేవాణ్ణా అంటే, అనుమానమే.

వాల్వ్‌ని మరీ నెత్తిన పెట్టుకోవద్దు. స్టీమ్‌లో మనం కొనేది గేమ్ కాదు, లైసెన్సు. 2024 అక్టోబర్ నుంచి కొనే పేజీలోనే ఆ మాట రాస్తున్నారు. పాతబడిందని విండోస్ 7, 8.1లకి 2024 జనవరి 1న సపోర్టు ఆపేసింది కూడా ఈ స్టీమే. మన ఖాతా ఇంకొకరికి రాసివ్వడానికీ లేదు. ద క్రూ అనే కార్ల గేమ్ సర్వర్లు 2024 మార్చి 31న ఆపేస్తే, డబ్బిచ్చి కొన్నవాళ్ళు కూడా ఇక ఆడలేకపోయారు. దాని మీద మొదలైన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమానికి యూరప్‌లో 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. పాత డిస్కులదీ అదే కథ. కాపీ కొట్టకుండా వేసిన సేఫ్‌డిస్క్ తాళం ఉన్న ఒరిజినల్ సీడీలు విండోస్ 10లో నడవవు, ఆ తాళానికి కావలసిన డ్రైవర్‌నే తీసేశారు. కోఠి ఫుట్‌పాత్ మీద దొంగ సీడీ కొన్నవాడికి ఈ బాధే లేదు.

అందుకే ఇప్పుడు కథ ఉన్న పెద్ద గేములు, డీఆర్‌ఎం లేకుండా అమ్మే జీఓజీ దుకాణంలో దొరికితే అక్కడే కొంటున్నా, స్టీమ్ కన్నా కాస్త ఎక్కువైనా సరే. ఇన్‌స్టాలర్ దించుకుని బయటి డ్రైవ్‌లో పడేస్తే ఎవరి లాగిన్‌తోనూ పనిలేదు. మింట్‌లో వాటిని హీరోయిక్ లాంచర్‌తో నడుపుతున్నా, లోపల ఉండేది ప్రోటానే. ఫైబర్ తెగిన ఆ రాత్రి చివరికి నేను ఆడింది జీఓజీలో కొన్న విచర్ 3.

ప్లేస్టేషన్ కొనుక్కోవచ్చు కదా అని మా ఆవిడ అడిగింది. అడ్డుపడే లాంచర్ల సంఖ్య తగ్గుతుంది, నిజమే. కానీ చాలా గేములు స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే నెలనెలా చందా. దానికి పోటీ అయిన ఎక్స్‌బాక్స్ వాళ్ళ గేమ్ పాస్ అల్టిమేట్ చందా అమెరికాలో 2025 అక్టోబర్లో 19.99 డాలర్ల నుంచి ఒక్కసారే 29.99 అయింది. అది చూశాక నెలవారీ చందా అంటేనే జంకుగా ఉంది. వాల్వ్ వాళ్ళ, చేతిలో పట్టుకుని ఆడుకునే స్టీమ్ డెక్ మీద మనసుంది గానీ, మన దేశంలో కంపెనీ నేరుగా అమ్మదు. గ్రే మార్కెట్లో ఆ ధర పెట్టి, వారంటీ లేకుండా కొనే ధైర్యం నాకు లేదు.

స్టీమ్ వాడేవాళ్ళలో లినక్స్ వాటా 2025 అక్టోబర్ సర్వేలో మొదటిసారి 3 శాతం దాటింది. ఆ కంపెనీ సపోర్టు వాళ్ళకి మేం కనపడాలంటే ఇంకా ఎంత పెరగాలో మరి. మీ దగ్గరా ఏడో తరమో ఆరో తరమో ఉండి, ఏఎండీ కార్డు ఉండి, ఒంటరిగా ఆడుకునేవాళ్ళైతే, మొత్తం తుడిచేయకుండా ఒక పాత ఎస్‌ఎస్‌డీలో మింట్ వేసి చూడండి. ఆడే గేముల పేర్లు ముందు ప్రోటాన్‌డీబీలో వెతకండి, ఏది ఎలా నడుస్తుందో వాడేవాళ్ళే రాసే సైటు అది. వాలరెంట్ ఆడే పిల్లలున్న ఇల్లైతే ఆ విండోస్‌ను ముట్టుకోకండి. నేను మాత్రం ఇందులోనే ఉంటాను, మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. అంతదాకా ఈ ఆర్ఎక్స్ 580 లాగుతుందా అన్నదే అనుమానం. ఫ్యాన్ అప్పుడే గరగరమంటోంది, చెనాయ్‌కి వెళ్ళి దాన్నొకటి మార్పించాలి.