షనెల్ పాడిన ఊరు మూలాన్: చూడండి, బస విషయంలో మాత్రం జాగ్రత్త

ఫ్యాషన్ డిజైనర్ కోకో షనెల్ పేరు చెప్పి ఫ్రాన్స్‌లోని మూలాన్‌లో ఒక అతిథి గృహం మమ్మల్ని నిలువునా ముంచింది. ఆమె పాటలు పాడే రోజుల్లో ఉన్న ఇల్లని ప్రకటన. రాత్రికి 118 యూరోలు. లోపల ఆమె ఫొటో ఒకటి, కిర్రుమనే మంచం, అర్ధరాత్రికి ఆగిపోయిన హీటరు. పొద్దున కాఫీకి, రొట్టెకు మనిషికి 14 యూరోలు వేరే. అంతవరకూ ఓర్చుకున్నాం. విజయవాడలో కుట్టు దుకాణం నడిపే మా వదిన, బయటికి వస్తూ గుమ్మం పైన చెక్కిన సంవత్సరం చూపించింది: 1926! షనెల్ 1910కే పారిస్‌లోని కాంబోన్ వీధిలో టోపీల దుకాణం తెరిచింది. అడిగితే యజమానురాలు, నచ్చకపోతే వేరే చోట దిగాల్సిందని తలుపు వేసుకుంది. వదిన మధ్యాహ్నం దాకా నోరు విప్పలేదు.

ఊరిని మాత్రం తప్పు పట్టను. పారిస్ బెర్సీ స్టేషను నుంచి దాదాపు రెండున్నర గంటల ప్రయాణం, ముందే కొన్నాం కాబట్టి టికెట్టు 29 యూరోలకు వచ్చింది. ఇరవై ఏళ్ల గాబ్రియెల్ (షనెల్ అసలు పేరు) ఇక్కడ పగలు బట్టలు కుట్టేది, రాత్రి సైనికాధికారుల ముందు పాడేది. కోకో అన్న పేరు ఆ పాటల వల్లే వచ్చిందంటారు. గాయనిగా స్థిరపడాలని దగ్గర్లోని విషీ పట్టణానికి వెళ్లింది, అక్కడ అవకాశాలు దొరకలేదు. పారిస్‌లో కాంబోన్ వీధి 31వ నంబరు షనెల్ దుకాణం ముందు ఫొటో దిగి తిరిగొచ్చేవాళ్లకు ఈ కష్టం ఎక్కడ కనిపిస్తుంది?

మధ్యాహ్నం ఒక బేకరీలో ఈ ప్రాంతపు బంగాళదుంప ‘పై’ (pie) తిన్నాం. పొరలు పొరలుగా పిండి, లోపల దుంపలు, మీగడ. ముక్క 5 యూరోలు. కొన్నిచోట్ల మాంసం వేస్తారు, శాకాహారులు అడిగి కొనండి. వదిన రెండో ముక్క తెమ్మంది, అప్పుడే మళ్లీ మాట కలిపింది. 1899 నాటి గ్రాన్ కఫేలో అద్దాల గోడల మధ్య కాఫీ తాగి, అల్లియే నది దాటి పాత సైనిక బారకాసుల్లోని జాతీయ రంగస్థల దుస్తుల కేంద్రానికి వెళ్లాం. బట్ట పాడవకుండా దీపాలు మసకగా పెడతారు. వదిన ఒక్కో దుస్తు దగ్గర ఆగి, కుట్టు ఎటు తిరిగిందో చూస్తూ గంటలు గడిపింది. ఇక్కడి బ్యాలే నర్తకుడు నురేయెవ్ నాట్యదుస్తుల గది ఒక్కటే చాలు, ఇంత దూరం రావడానికి. ప్రదర్శనలు మారే రోజుల్లో మూసేస్తారు, తేదీలు చూసుకునే బయల్దేరండి.

రెండో రాత్రి స్టేషను దగ్గరి మామూలు హోటల్లో పడుకున్నాం: 72 యూరోలు, శుభ్రమైన దుప్పట్లు, వేడి నీళ్లు. విషీ అక్కడికి రైల్లో అరగంట, ఒక పూట సరిపోతుంది.