65 వేలకే 'ఒరిజినల్' కార్బన్ ఫ్రేమ్ అంటే నమ్మకండి

రోడ్ బైక్ (రోడ్డు మీద వేగంగా తొక్కే రేసు సైకిల్) కోసం కార్బన్ ఫ్రేమ్ వెతుకుతున్నవాళ్లు కొనేముందు ఇది చదవండి. పేరున్న ఇటలీ కంపెనీ ఫ్రేమ్, ఫోర్కుతో (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) కలిపి 65 వేలే అని ఆన్‌లైన్‌లో ఒకతను నాకు అంటగట్టింది పక్కా డూప్లికేట్. డీలరు దగ్గర దాని ధర నాలుగైదు లక్షలు. "అదే ఫ్యాక్టరీ, అదే మౌల్డు సార్, మధ్యలో కంపెనీ కమీషన్ లేదంతే" అన్నాడు. పెద్ద బ్రాండ్లు చాలావరకు తైవాన్, చైనాల్లోనే చేయిస్తాయి కాబట్టి ఈ మాట వింటే నిజమే అనిపిస్తుంది.

పెయింటు, స్టిక్కర్లు చూసి ఎవరూ పట్టుకోలేరు. బండి బిగిస్తుంటే బయటపడింది. పెడళ్ల ఇరుసు తిరిగే చోట, అంటే బాటమ్ బ్రాకెట్‌లో, బేరింగు ప్రెస్‌తో నొక్కితేగానీ ఎక్కకూడదు. ఇక్కడ వేలితో తోస్తే లోపలికి జారిపోయింది. మెకానిక్ ఫోర్కు పైన హ్యాండిల్‌కి కలిసే స్టీరర్ గొట్టంలోకి టార్చి వేసి చూపించాడు. కార్బన్ పొరలు ముడతలు పడి ఉన్నాయి, ఒకచోట గోరు దిగేంత సందు. హ్యాండిల్ మీద మనం మోపే బరువంతా మోసేది ఆ గొట్టమే. అనంతగిరి ఘాట్ దిగుతూ గట్టిగా బ్రేకు పట్టినప్పుడు అది విరిగితే ముఖం పగులుతుంది, ప్రాణమే పోవచ్చు.

అసలు ఫ్రేముకి అంత ధర ఎందుకంటే, బ్రాండు పేరుకి, రేసు టీముల స్పాన్సర్‌షిప్పుకి, డీలరు మార్జిన్‌కి పోయేది ఉంది, కాదనను. మిగతాదంతా కంటికి కనిపించని పని. రెజిన్ (జిగురులాంటి పదార్థం) పట్టించిన కార్బన్ షీట్లని చల్లగా ఫ్రీజర్‌లో దాచాలి, గడువు దాటితే పనికిరావు. వాటిని వందల ముక్కలుగా కోసి, ఏ ముక్క ఏ కోణంలో పడాలో లెక్క ప్రకారం మనుషులే చేత్తో పేర్చాలి. జపాన్ కంపెనీ టోరే చేసే టీ700 లాంటి రకం కార్బన్ ఒకచోట, అంతకంటే వంగని ఎం40జె లాంటిది ఇంకోచోట. వంగని రకమే అంతటా వేస్తే దెబ్బ తగిలినప్పుడు పుటుక్కున విరుగుతుంది. ప్రతి సైజుకీ వేరే మౌల్డు. ఆపైన సైకిళ్ల భద్రతకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4210 పరీక్షలో పెడల్ తొక్కినట్టుగా లక్షసార్లు బలం వేసి చూస్తారు. అలా పరీక్షల్లో పాడైన ఫ్రేముల ఖర్చు కూడా మనం కొనేదాని మీదే పడుతుంది. డూప్లికేట్ చేసేవాడు ఆకారం కాపీ కొట్టగలడు. లోపల ఏ పొర ఎక్కడ వేశారో బయటి నుంచి చూసి ఎలా తెలుసుకుంటాడు?

చైనా ఫ్రేములన్నీ చెత్త అనడం లేదు. సొంత పేరుతో అమ్ముతూ టెస్టు రిపోర్టు, వారంటీ ఇచ్చే కంపెనీలు అక్కడా ఉన్నాయి. వేరేవాళ్ల పేరు అతికించి అమ్మేవాళ్లతోనే జాగ్రత్త.

కొనేముందు సీరియల్ నంబరు ఫోటో అడిగి ఆ బ్రాండు అధీకృత డీలరుకి పంపండి. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) ఆమోదం స్టిక్కర్ ఉంది కదా అని ధైర్యపడకండి, దాన్నీ ప్రింటు కొట్టేస్తున్నారు.

డబ్బు వెనక్కి అడిగితే నా నంబరు బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మీరూ మోసపోయి ఉంటే చాటింగు స్క్రీన్‌షాట్లు, పార్శిల్ లేబుల్ దాచిపెట్టండి. ఇలాంటి ఫ్రేము ఇప్పటికే తొక్కుతున్నవాళ్లు ఈరోజే బండి పక్కన పెట్టి, ఫోర్కు ఊడదీయించి లోపల చూపించుకోండి. పోయిన డబ్బు రాబట్టుకోవాలని దాన్ని మాత్రం ఇంకొకరికి అమ్మకండి.